వ్యాపార ముద్ర: ఆస్తా? పూచీయా?

కొంతకాలం క్రిందట విద్యార్థులు కొందరు ఒక గోడపత్రిక తయారుచేస్తూ నా వద్దకు వచ్చారు. ఒక కర్మాగారంలో కాంట్రాక్టు కూలీలను నోటీసైనా ఇవ్వకుండా తీసివేశారు. ఆ సంగతి నలుగురికీ తెలియజెప్పాలని వారి సంకల్పం. వారిలో బొమ్మలు వేసే కుర్రవాడొకడు ఆ కంపెనీ ముద్రనే తీసుకొని, అందులోని అక్షరాలను కొంచెం మార్చి, చూడగానే కంపెనీ, చదవగానే కూలీలు గుర్తుకు వచ్చేటట్లు ఒక బొమ్మ వేశాడు. బొమ్మ బాగుంది. "దీన్ని అంటిస్తే మన మీద దావా వేస్తారా, మాస్టారూ?" అని అడిగాడు. నేను కాస్త ఆలోచించి, "మాటలు మీవి, ముద్ర వారిది. వారి ఆస్తి జోలికి పోవడం దేనికి? మాటలతోనే చెప్పండి" అన్నాను. గోడపత్రిక మాటలతోనే వెలువడింది. దాని ముందు నిలబడి చదివినవారు నాకు కనిపించలేదు.

"వారి ఆస్తి" అని నేనన్న మాట ఆ తరువాత నన్ను వదలలేదు. పాతికేళ్లుగా చరిత్ర పాఠం చెబుతున్నవాడిని. భూమి ఎట్లా ఆస్తి అయిందో, అడవి ఎట్లా ఆస్తి అయిందో విద్యార్థులకు విడమరచి చెప్పినవాడిని. ఒక బొమ్మ, ఒక రంగు, రెండు అక్షరాలు ఎట్లా ఆస్తి అయినవో ఒక్కనాడూ విచారించలేదు. విచారించకుండానే ఆస్తి హక్కు పక్షాన తీర్పు చెప్పాను. ఆ తీర్పును సరిచూసుకొనే ప్రయత్నమే ఈ వ్యాసం. అందుకు నేను ఎన్నుకున్న ఉదాహరణ దక్షిణాఫ్రికాలోనిది. అక్కడ ఒక చిన్న బొమ్మలవాడికీ, ఒక మహా బీరు కంపెనీకీ మధ్య జరిగిన వ్యాజ్యం మూడు న్యాయస్థానాలు దాటి 2005లో ముగిసింది. ఆ కథలో మన తీరానికీ, మన భాష మాట్లాడిన కూలీలకూ కొంత సంబంధం ఉంది.

1. చొక్కా మీది నాలుగు పంక్తులు

కేప్‌టౌన్ నగరంలో జస్టిన్ నర్స్ అనే యువకుడు "లాఫ్ ఇట్ ఆఫ్" అనే చిన్న సంస్థ పెట్టాడు. పేరుకు అర్థం నవ్వి కొట్టిపారేయమని. పేరుపొందిన కంపెనీల ముద్రలను తీసుకొని, వాటిని వెక్కిరించే బొమ్మలుగా మార్చి, టీ చొక్కాల మీద అచ్చువేసి అమ్మడం వారి పని. ఆ చొక్కాలలో ఒకటి కార్లింగ్ బ్లాక్ లేబుల్ అనే బీరు సీసా మీది లేబులును అనుకరించింది. రంగులు అవే, అక్షరాల వంపులు అవే, అమరిక అదే. మాటలు మాత్రం మారినవి. "బ్లాక్ లేబుల్" అని ఉండవలసిన చోట "బ్లాక్ లేబర్", అంటే నల్లవారి శ్రమ. "కార్లింగ్ బీర్" అని ఉండవలసిన చోట "వైట్ గిల్ట్", అంటే తెల్లవారి మనసులోని దోషభావం. అసలు లేబులు మీద అది అమెరికా దేశపు హుషారైన బీరు అనే అర్థం వచ్చే ప్రకటన ఉంటే, చొక్కా మీద 1652 నుంచి ఆఫ్రికాలో హుషారుగా సాగుతున్న దోపిడి అనే అర్థం వచ్చే మాటలు ఉన్నవి. లోకమంతటా మగవారు ఆనందించే పానీయమని లేబులు చెబితే, లోకంలో ఎవరికీ పట్టలేదని చొక్కా చెప్పింది.

ఆ బీరు ముద్రకు హక్కుదారు సౌత్ ఆఫ్రికన్ బ్రూవరీస్ సంస్థ. ఆ కంపెనీ న్యాయస్థానానికి వెళ్లి, ఆ చొక్కాల అమ్మకం ఆపించమని కోరింది. కంపెనీ వాదం ఇది: ఈ ముద్రకు పేరు తేవడానికి మేము ఏళ్ల తరబడి ధనం వెచ్చించాము, ఒకడు వచ్చి ఆ పేరు మీద చొక్కాలు అమ్ముకుంటున్నాడు, పైగా మా ముద్రకు జాతి వివక్ష, దోపిడి అనే మచ్చ అంటగడుతున్నాడు, రేపు మా బీరు తాగేవాడికి ఆ మచ్చ గుర్తుకు వస్తే మా వ్యాపారం ఏమికావాలి?

ఈ వాదాన్ని మనం తేలికగా తోసివేయకూడదు. పెట్టుబడిదారీ న్యాయానికి దీనిలో తర్కలోపం ఏదీ కనిపించదు. కనిపించకపోవడానికి కారణం తెలియాలంటే, ముద్ర చరిత్ర కొంత తెలియాలి.

2. పూచీగా పుట్టి ఆస్తిగా పెరిగిన ముద్ర

మొదట ఒక తేడా చెప్పుకోవాలి. మన మాటల్లో కాపీరైటు, ట్రేడుమార్కు అనే రెండింటినీ కలిపివేసి "హక్కులు" అంటాము. అవి రెండూ ఒకటి కావు. కాపీరైటు అనేది రచనకు, చిత్రానికి, పాటకు ఉండే హక్కు. సిద్ధాంతరీత్యా అది సృష్టించినవాడిది. దానికి గడువు ఉంది. మన దేశంలో 1957 నాటి చట్టం ప్రకారం సాధారణంగా రచయిత జీవితకాలం, ఆపైన 60 సంవత్సరాలు. అయితే జీతానికి ఉండి వేసిన బొమ్మ మీద, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కు యజమానిదేనని అదే చట్టం చెబుతుంది. ట్రేడుమార్కు సంగతి వేరు. అది సృష్టించినవాడిని అడగదు, అమ్మేవాడినే అడుగుతుంది. రిజిస్టరు చేసి, పదేళ్లకొకసారి రుసుము కట్టి పొడిగించుకుంటూ పోతే దానికి చావు లేదు. లేబులు బొమ్మ వేసిన చిత్రకారుడి పేరు రిజిస్టరులో ఉండనక్కరలేదు. అతడు చనిపోతాడు, అతడి బొమ్మ మీద కంపెనీ హక్కు చనిపోదు. దక్షిణాఫ్రికా వ్యాజ్యంలో కంపెనీ ఆధారపడింది ఈ రెండవ హక్కు మీదనే.

ఈ హక్కు పుట్టుక చూడండి. మధ్యయుగపు ఇంగ్లండులో, 13వ శతాబ్దిలో, రొట్టెలు కాల్చేవాడు ప్రతి రొట్టె మీదా తన గుర్తు వేయాలని శాసనం ఉండేది. ఎందుకు? రొట్టె తూకం తగ్గితే ఎవడు తగ్గించాడో పట్టుకోవడానికి. వెండిపని చేసేవాడు తన గుర్తు వేయవలసి వచ్చిందీ ఇందుకే. లోహంలో కల్తీ ఉంటే ఆ గుర్తే సాక్ష్యం. శ్రేణుల కాలంలో ముద్ర వేయడం తయారీదారుకు హక్కు కాదు, విధి. ముద్ర అంటే పూచీ. "ఇది నేను చేశాను, తప్పుంటే నన్ను అడగండి" అని ఒప్పుకోవడం. ఇంగ్లీషులో ఇప్పుడు వ్యాపార నామానికి వాడే "బ్రాండ్" అనే మాటకు పాత అర్థం కాల్చి వేసిన వాత. అది పశువు ఎవరిదో చెప్పేది. మందలోనుంచి తప్పిపోయి పొరుగువాడి చేలో పడితే జవాబు చెప్పవలసింది ఎవరో కూడా చెప్పేది.

యంత్ర పరిశ్రమ వచ్చిన తరువాత ఈ సంబంధం తలక్రిందులైంది. వస్తువు చేసేవాడు వేరు, అమ్మేవాడు వేరు, కొనేవాడు ఎక్కడో వెయ్యి మైళ్ల దూరంలో ఉన్నవాడు. చేసినవాడి ముఖం మాయమైంది. ఆ ఖాళీలోకి ముద్ర వచ్చి కూర్చున్నది. ఇంగ్లండు పార్లమెంటు 1875లో ట్రేడుమార్కుల రిజిస్ట్రేషను చట్టం చేసింది. 1876 జనవరి 1 నుంచి రిజిస్టరు తెరిచారు. అందులో మొదటి నంబరు పొందిన ముద్ర బాస్ కంపెనీ వారి ఎర్ర త్రికోణం. అదీ ఒక బీరు ముద్రే! ఫ్రెంచి చిత్రకారుడు మానే 1882లో పూర్తిచేసిన ఫోలీ బెర్జేర్ పానశాల చిత్రంలో, అలసిన ముఖంతో నిలబడ్డ పనిపిల్ల ముందు ఆ ఎర్ర త్రికోణపు సీసా కనబడుతుంది. ముద్ర వెనుక ఉన్న శ్రమను చట్టం చూడలేదు. దాని పక్కన నిలబడ్డ శ్రమను చిత్రకారుడు చూశాడు.

ఆ తొలి చట్టాలు కనీసం ఒక ప్రజాహితాన్ని సాకుగా చెప్పుకున్నవి: కొనేవాడు మోసపోకూడదు. ఒకడి సరుకును మరొకడి సరుకని భ్రమింపజేయకూడదు. ఈ న్యాయాన్ని మనమూ ఒప్పుకోవచ్చు. నకిలీ మందు కొని ప్రాణం పోగొట్టుకునేది పేదవాడే కదా! కాని పెట్టుబడి అంతటితో ఆగలేదు. 1927లో అమెరికాలో ఫ్రాంక్ షెక్టర్ అనే న్యాయవాది హార్వర్డ్ న్యాయశాస్త్ర పత్రికలో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఆయన ఒక లోదుస్తుల కంపెనీకి న్యాయవాది. కొనేవాడు మోసపోయినా పోకపోయినా, ముద్రకు ఉన్న విశిష్టత, ఆకర్షణ పలచబడితే అదే ఒక నష్టమనీ, చట్టం దానిని కాపాడాలనీ ఆయన వాదన. అంటే కాపాడవలసింది కొనేవాడిని కాదు, అమ్మేవాడి ఆకర్షణను. ఈ సిద్ధాంతం క్రమంగా అనేక దేశాల చట్టాలలోకి ప్రవేశించింది. దక్షిణాఫ్రికాలో 1993 నాటి చట్టంలోని 34వ సెక్షనులో ప్రవేశించింది. మన దేశంలో 1999 చట్టంలోని 29వ సెక్షనులో ప్రవేశించింది. రెండింటి సారాంశం ఇది: పేరుపొందిన ముద్రను వ్యాపారంలో ఇతరుడు వాడి, దాని పేరు నుంచి అన్యాయంగా లాభం పొందినా, దాని పేరుకు హాని కలిగించినా, అది ఉల్లంఘనే. ఎవరూ భ్రమపడనక్కరలేదు.

ఆ చొక్కా చూసి అది బీరని ఎవరూ భ్రమపడలేదు. బీరు కంపెనీయే తనను తాను దోపిడిదారుగా ప్రకటించుకున్నదనీ ఎవరూ అనుకోలేదు. పాత న్యాయం ప్రకారమైతే వ్యాజ్యమే లేదు. కొత్త న్యాయం ప్రకారం మాత్రం వ్యాజ్యం బలంగానే ఉంది.

3. 1652 అనే నాలుగు అంకెలు

ఇక ఆ చొక్కా మీది సంవత్సరం సంగతి. న్యాయవాదులు ముద్ర మీదనే దృష్టి పెట్టారు. చరిత్ర విద్యార్థి ఆ అంకెల మీద దృష్టి పెట్టాలి.

1652లో యాన్ వాన్ రీబెక్ అనే అధికారి డచ్చి ఈస్టిండియా కంపెనీ తరఫున ఆఫ్రికా దక్షిణపు కొన వద్ద దిగి, ఓడలకు కూరగాయలు, మాంసం, మంచినీరు అందించే మజిలీ స్థాపించాడు. ఆ ఓడలు ఎక్కడికి పోయేవి? జావాకు, సింహళానికి, మన తీరానికి. ఆ కంపెనీ అప్పటికే సుమారు అర్ధ శతాబ్దిగా మచిలీపట్నంలో వ్యాపారం చేస్తున్నది. మన నేతగాండ్ర బట్టలు కొని, వాటిని తూర్పు దీవులలో మిరియాలకూ లవంగాలకూ మారకం వేసేది. బందరులోనూ, భీమునిపట్నంలోనూ డచ్చివారి సమాధులు నేటికీ ఉన్నవి. ఆ కంపెనీ పేరులోని మూడు అక్షరాలను ఒకదానిలో ఒకటి అల్లి చేసిన ముద్ర ఫిరంగుల మీద, నాణేల మీద, పింగాణీ పళ్లాల మీద ఉండేది. ఖండాలు దాటి జనానికి తెలిసిన తొలి కంపెనీ ముద్రలలో అది ఒకటి.

కేప్ మజిలీకి పనివారు కావలసి వచ్చారు. 1658 నుంచి బానిసలను ఓడలలో దింపసాగారు. అంగోలా నుంచి, మడగాస్కరు నుంచి, తూర్పు దీవుల నుంచి, బెంగాలు నుంచి, మలబారు నుంచి, మన కోరమాండలు తీరం నుంచి కూడా. కరువు వచ్చినప్పుడు ఈ తీరంలో మనిషి ధర పడిపోయేది, కంపెనీ కొనేది. అక్కడి రికార్డులలో ఆ మనుషులకు తండ్రి పేరు లేదు, ఇంటిపేరు లేదు. యజమాని పెట్టిన పేరు, దాని వెంట పుట్టిన తీరం పేరు. ఫలానా "కోరమాండలు వాడు". కంపెనీకి అందమైన ముద్ర, మనిషికి సరుకు మీద చీటీ వంటి పేరు. 1659లో కేప్‌లో మొదటి ద్రాక్షసారా దిగింది. ద్రాక్షతోటలలో కూలిలో కొంత భాగం సారాగా పోసే అలవాటు ఏర్పడి, బానిసత్వం చట్టరీత్యా రద్దయిన తరువాత కూడా తరాల తరబడి సాగింది. శ్రమనూ మత్తునూ ఒకే గిన్నెలో కలిపిన చరిత్ర అది.

1860లో మరొక ఘట్టం. మద్రాసు రేవు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ ఆ సంవత్సరం నవంబరు 16న డర్బన్ చేరింది. నటాలు చెరకు తోటలకు ఒప్పందపు కూలీలను మోసుకుపోయిన మొదటి ఓడ అది. 1911 వరకు అట్లా లక్షా యాభైవేలకు పైగా మనుషులు పోయారు. వారిలో తమిళులతోపాటు తెలుగువారు వేల సంఖ్యలో ఉన్నారు. వారి సంతతి 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ స్థాపించుకొని భాషను నిలుపుకొనే ప్రయత్నం చేసింది. ఒప్పందపు కూలీకి దిగగానే ఒక నంబరు ఇచ్చేవారు. జీతమైనా, రోగమైనా, మరణమైనా, రికార్డులో ఆ నంబరే.

1886లో జోహాన్నెస్‌బర్గ్ ప్రాంతంలో బంగారం బయటపడింది. 1895లో సౌత్ ఆఫ్రికన్ బ్రూవరీస్ ఆ నగరంలో స్థాపితమైంది. గనులు లేకపోతే ఆ నగరం లేదు, నగరం లేకపోతే ఆ బీరు మార్కెట్టు లేదు. గనులలోకి దిగిన నల్ల కూలీలు ఆవరణలలో బందీలవలె బ్రతికారు. 1913 నాటి భూమి చట్టం దేశంలోని అత్యధిక సంఖ్యాకులకు సుమారు ఏడు శాతం భూమి మిగిల్చింది. మిగతావారు కూలికి రాక తప్పని స్థితి కల్పించింది. 1946 ఆగస్టులో డెబ్బై వేల మంది గని కార్మికులు సమ్మె కడితే పోలీసులు కాల్చి అణచివేశారు.

బీరు చరిత్ర కూడా ఈ చరిత్రలో భాగమే. తెల్లవారి సారాయిగా పరిగణించిన బీరును నల్లవారికి అమ్మడం 1962 వరకు చట్టవిరుద్ధం. కాని డర్బన్ మునిసిపాలిటీ 20వ శతాబ్ది తొలి దశకం నుంచే జొన్న బీరు మీద గుత్తాధిపత్యం తీసుకొని, తన బీరు శాలలలో నల్ల కార్మికులకు అమ్మి, ఆ ఆదాయంతోనే వారిని అదుపులో ఉంచే యంత్రాంగాన్ని పోషించింది. తమను బంధించే సంకెళ్ల ఖర్చు తామే తాగి తీర్చవలసిన ఏర్పాటు! 1959లో డర్బన్ శివార్లలోని కేటో మానర్ స్త్రీలు ఆ బీరు శాలల మీదికి కర్రలతో పోయి మగవారిని బయటికి తరిమారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల సారా వ్యతిరేకోద్యమం ఎరిగిన మనకు ఆ దృశ్యం వివరించనక్కరలేదు. 1962లో నిషేధం తొలగిన తరువాత, నిన్నటివరకు అర్హత లేని ఆ నల్లవారే బీరు కంపెనీకి ప్రధాన ఖాతాదారులయ్యారు.

ఇదంతా ఒక చొక్కా మీద రాయలేము. "నల్ల శ్రమ", "1652 నుంచి" అని మాత్రం రాయగలము. నర్స్ చేసింది అదే. ఆయన బీరు కంపెనీ మీద ఒక ప్రత్యేకమైన నేరం మోపలేదు. లేబులు మీద "బ్లాక్" అనే మాట ఎంత నిర్లక్ష్యంగా, ఎంత అందంగా కూర్చున్నదో చూపి, ఆ దేశంలో ఆ మాటకు ఉన్న అసలు బరువును దానికి తిరిగి ఇచ్చాడు.

4. మూడు న్యాయస్థానాలు

2003లో కేప్ హైకోర్టు కంపెనీ పక్షాన తీర్పు చెప్పి, ఆ చొక్కాల అమ్మకాన్ని నిషేధించింది. వాటి మీది మాటలు జాతివిద్వేషపు అంచున ఉన్నవని కూడా వ్యాఖ్యానించింది. దోపిడికి గురి అయినవారి రంగును పేర్కొనడమే విద్వేషమైతే, ఆ దేశ చరిత్ర గ్రంథాలన్నీ నిషేధించవలసినవే! 2004లో సుప్రీం అప్పీలు కోర్టు ఆ నిషేధాన్ని ఖాయపరచింది. కంపెనీ ముద్రకు హాని కలిగిందనడానికి ప్రత్యేకించి సాక్ష్యం అక్కరలేదనీ, ముద్రకు అటువంటి మచ్చ అంటగట్టడమే చాలుననీ ఆ తీర్పుల ధోరణి.

అప్పీలు రాజ్యాంగ న్యాయస్థానానికి పోయింది. జోహాన్నెస్‌బర్గ్‌లో ఆ న్యాయస్థానం నిలిచిన స్థలం పూర్వం జైలు. 1908లో గాంధీజీని ఉంచిన జైళ్లలో అది ఒకటి. ప్రధాన తీర్పు రాసిన డిక్‌గాంగ్ మొసెనెకె పదిహేనేళ్ల వయసులో అరెస్టయి, రాబెన్ ద్వీపంలో పదేళ్లు ఖైదు అనుభవించినవాడు. ప్రత్యేకంగా మరొక తీర్పు రాసిన ఆల్బీ సాక్స్ 1988లో మపుతోలో శ్వేత ప్రభుత్వపు ఏజెంట్లు పెట్టిన బాంబు వల్ల ఒక చేయి, ఒక కన్ను పోగొట్టుకున్నవాడు. న్యాయమూర్తుల జీవితం వారి తీర్పులను నిర్ణయిస్తుందని యాంత్రికంగా అనడం తప్పు. కాని "నల్ల శ్రమ" అనే మాట చూసి వీరు ఉలిక్కిపడకపోవడంలో ఆ జీవితానికి ఏ పాత్రా లేదనడం కూడా కష్టమే.

2005 మే 27న న్యాయస్థానం క్రింది కోర్టుల తీర్పులను రద్దుచేసింది. మొసెనెకె తర్కం సూక్ష్మంగా ఇది: ట్రేడుమార్కు చట్టాన్ని రాజ్యాంగంలోని భావప్రకటన స్వేచ్ఛతో కలిపి చదవాలి. ఆ చట్టం కాపాడేది ముద్రకున్న అమ్మే శక్తిని, దాని గౌరవ మర్యాదలను కాదు. కాబట్టి ఫిర్యాది తనకు గణనీయమైన ఆర్థిక నష్టం కలిగే అవకాశం ఉందని సాక్ష్యంతో నిరూపించాలి. ఇక్కడ అట్టి సాక్ష్యం లేదు. చొక్కాలను చూసి ఒక్క సీసా బీరు అమ్మకం తగ్గిందని ఎవరూ చూపలేదు. సాక్స్ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. అనుకరించకుండా వెక్కిరింపు సాధ్యం కాదనీ, అసలు ముద్రను వాడుకోవడమే ఆ కళకు ప్రాణమనీ, చిన్నవాడిని దావా ఖర్చుతోనే నోరు మూయించగల శక్తి పెద్ద కంపెనీలకు ఉన్నప్పుడు న్యాయస్థానాలు జాగరూకతతో ఉండాలనీ ఆయన అభిప్రాయం.

5. విజయమూ, దాని హద్దులూ

ఈ తీర్పు స్వతంత్ర కళాకారులకు విజయమే. దాని ప్రభావం మన దేశం వరకూ వచ్చింది. ఒడిశాలోని ధామ్రా రేవు నిర్మాణం వల్ల సముద్రపు తాబేళ్లకు ముప్పు ఉందని చెప్పడానికి గ్రీన్‌పీస్ సంస్థ 2010లో ఒక కంప్యూటరు ఆట తయారుచేసింది. అందులో తాబేలును వెంటాడే భూతాల మీద టాటా సంస్థ ముద్ర ఉంది. టాటాలు 10 కోట్ల రూపాయల నష్టపరిహారం కోరుతూ, ఆటను ఆపించమని ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. 2011 జనవరిలో జస్టిస్ రవీంద్ర భట్ తాత్కాలిక నిషేధానికి నిరాకరించారు. ప్రజలకు సంబంధించిన విషయం మీద విమర్శ చేయడానికి ముద్రను వాడడం, ఆ ముద్రతో సరుకు అమ్ముకోవడం ఒకటి కాదన్నారు. ఆ సందర్భంలో దక్షిణాఫ్రికా చొక్కాల తీర్పునూ ప్రస్తావించారు.

అయినా అభ్యుదయ విమర్శకులు విజయోత్సవం దగ్గర ఆగకూడదు. నాకు మూడు సందేహాలు ఉన్నవి.

మొదటిది. చొక్కా గెలిచింది దేని వల్ల? దాని వల్ల కంపెనీకి నష్టం లేదని తేలడం వల్ల. అయితే ఆ వెక్కిరింపు నిజంగా పనిచేసి, జనం ఆ బీరు కొనడం మానివేస్తే? అప్పుడు కంపెనీ చేతికి కావలసిన సాక్ష్యం దొరుకుతుంది! పదును లేని కత్తి పట్టుకొనే స్వేచ్ఛను న్యాయస్థానం ఖాయపరచింది. పదునైన కత్తి సంగతి మరొకనాటికి వదిలింది. కార్మికులు బహిష్కారానికి పిలుపు ఇచ్చి ఇటువంటి బొమ్మనే వేసినప్పుడు, అమ్మకం తగ్గించడమే వారి ఆశయమైనప్పుడు, ఈ తీర్పు వారిని ఎంతవరకు కాపాడుతుందో ఖాయంగా చెప్పలేము. నిజం చెప్పడం వల్ల కలిగే నష్టాన్ని నష్టంగా లెక్కించరాదన్న సూత్రం ఇంకా స్థిరపడవలసి ఉంది.

రెండవది. చొక్కా కూడా సరుకే. నర్స్ దానిని అమ్మాడు, ఊరికే పంచలేదు. కంపెనీ న్యాయవాదులు ఈ సంగతి ఎత్తిచూపినప్పుడు వారి మాటలో కొంత నిజం లేకపోలేదు. "నల్ల శ్రమ" అని అచ్చు వేసిన ఆ బట్టను నేసిన చేతులు ఎవరివి, కుట్టిన చేతులు ఎవరివి అనే ప్రశ్న ఆ చొక్కా కూడా ఎదుర్కొనవలసిందే. కాని దీని వల్ల విమర్శ చెల్లకుండా పోదు. సరుకుల లోకంలో బ్రతుకుతున్న కళాకారుడు సరుకు రూపంలోనే మాట్లాడవలసి వస్తున్నది. మన పుస్తకాలకూ ధర వేస్తున్నాము కదా! గోడకు అంటించిన ఉచిత పత్రికకు, సరుకు అమ్మడానికి చేసిన వాడకానికి మన చట్టంలోనే తేడా ఉంది. 29వ సెక్షను వ్యాపారంలో జరిగిన వాడకం గురించే మాట్లాడుతుంది. ఆ రోజు నేను ఆ కుర్రవాడికి కనీసం ఈ ముక్క చెప్పవలసింది.

మూడవది అన్నిటికంటె ముఖ్యం. మూడు న్యాయస్థానాలలోనూ ప్రశ్న ఒకటే: ఈ చొక్కా వల్ల ముద్రకు ఏమయింది? ఆ ముద్ర వెనుక శ్రమకు ఏమయింది అనే ప్రశ్న చట్టం చూపులోకి రానేరాదు. ముద్రకు పేరు తెచ్చింది తమ ప్రకటనల ఖర్చు అని కంపెనీ చెప్పుకుంటుంది. ఆ ఖర్చుకు ధనం ఎక్కడిది? బార్లీ కోసినవాడు, సీసా కడిగినవాడు, లారీ తోలినవాడు, బొమ్మ గీసిన జీతగాడు, చివరకు కూలి డబ్బుతో ఆ బీరు కొని తాగినవాడు, వీరందరి నుంచి వచ్చినదే ఆ పేరు. పదిమంది చెమటతో పేరు పొందిన బొమ్మను ఒక్కరి ఆస్తిగా రిజిస్టరు చేసి, దాని వైపు వేలు చూపిన పదకొండవవాడిని దొంగ అనడం, ఇదీ ఆ చట్టం లోపలి వైరుధ్యం.

రొట్టెల వాడి ముద్ర దగ్గరకు మళ్లీ వెళ్దాము. తూకం తగ్గితే జనం ఆ ముద్ర చూపి అతడిని సంతకు లాగేవారు. ముద్ర ఉన్నదే అందుకు. 20వ శతాబ్ది చట్టం దానిని అందరూ చూడవలసిన, ఎవరూ ముట్టకూడని వస్తువుగా చేసింది. రోడ్డు మీద, పత్రికలో, చొక్కా జేబు మీద, పిల్లవాడి పలక మీద మనల్ని అడగకుండా దానిని మన కళ్లలోకి తోస్తారు. తిరిగి మనం దానితో ఒక్క మాట చెప్పబోతే ఆస్తి అంటారు. కేప్‌టౌన్ బొమ్మలవాడు దొంగిలించలేదు. ఆస్తిగా మారిన ముద్రను పట్టుకొని దాని పాత ఉద్యోగం దానికి గుర్తుచేశాడు: నీ తూకం ఎంత? జవాబు చెప్పు.

ఆ బీరు కంపెనీ 1999లో లండనుకు మకాం మార్చింది. 2002లో అమెరికాలోని మిల్లర్ కంపెనీని కొన్నది. 2016లో తనకంటె పెద్దదైన మరొక బీరు సంస్థ దానిని కొన్నది. ముద్ర మాత్రం అట్లాగే ఉంది. యజమానులు మారినా నిలిచే ముద్రకు, యజమానులు మారినా నిలిచే జ్ఞాపకం కూడా ఒకటి ఉండాలి కదా!

ఆ కుర్రవాడి బొమ్మ కాగితం ఇప్పటికీ నా పుస్తకాల మధ్య ఉంది. ఆనాడు తీసివేసిన కూలీలలో చాలామంది ఊరు విడిచి వెళ్లిపోయారు. కర్మాగారం గేటు మీద ముద్రకు మొన్ననే కొత్త రంగు వేశారు. అతడిని పిలిచి, నా జవాబు తప్పని ఒప్పుకొని, ఆ కాగితం అతడికి తిరిగి ఇవ్వాలని ఉంది. అంటించాలా వద్దా అనేది ఇక అతడూ, అతడి సంఘమూ నిర్ణయించుకోవలసిన విషయం. దావా పడితే పక్కన నిలబడవలసింది మాత్రం నేనూ, నావంటి ఉపాధ్యాయులూను.